సైలాబ్ కేరేజీ

వాన పట్టినప్పటి నుంచి రాధిక ఇంట్లో ఒక్క పనీ పూర్తికాలేదు. రుబ్బిన పిండి పులవలేదు. ఉతికిన బట్టలు ఆరలేదు. అత్తగారి మోకాళ్ల నొప్పి తగ్గలేదు. పూర్తయిందల్లా భర్త కళ్యాణ్ ఓపిక ఒక్కటే. అది ఆ ఉదయం కాఫీతో పాటే అయిపోయింది.

సాలూరు మెయిన్ రోడ్డు మీదున్న ఆ ఇంటికి ముందుగదే లారీ ఆఫీసు. గోడకి మామగారు గోవిందరావు ఫొటో, దాని కింద కేలండరు, దాని కింద కళ్యాణ్ కుర్చీ. కుర్చీలో కూర్చుని కళ్యాణ్ ఫోనులో ఒక నీలం చుక్కని చూస్తున్నాడు. ఆ చుక్క వాళ్ల లారీ. ఒడిశా సరిహద్దు పల్లెల్లో మొక్కజొన్న ఎత్తుకుంది. సప్టా అనే పల్లపు వంతెన మీదుగా గెడ్డ వాగు దాటి, పెద్ద రోడ్డెక్కి, సాలూరు మీదుగా చీపురుపల్లి స్టేషనుకి వెళ్లి, అక్కడ నిలబడి ఉన్న గూడ్సుకి సరుకు అందించాలి. ఆ గూడ్సు ఎవరి కోసమూ ఆగదని సరుకు కొన్న పార్టీ పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తోంది.

"సత్యరాజు తోలితే చుక్కకి కూడా ముసలితనం వచ్చేస్తుంది," అన్నాడు కళ్యాణ్.

"చుక్క కదులుతోందా?"

"కదిలితే నీతో ఎందుకు మాట్లాడతాను?"

ఈ మాటకి రాధిక దగ్గర మంచి జవాబే ఉంది గాని పొయ్యి మీద పాలున్నాయి. లోపలికి వెళ్లిపోయింది. కళ్యాణ్ ఫోను చార్జింగుకి పెట్టి స్నానానికి వెళ్లాడు. అటు నీళ్ల చప్పుడు మొదలైందో లేదో ఇటు ఫోను మోగింది. రాధిక చెయ్యి కొంగుకి తుడుచుకుని తీసింది.

"అమ్మగోరా? కళ్యాణ్ బావుగారికి సెప్పండి." సత్యరాజు గొంతు. వెనక ఏదో హోరు. వానో, నీరో తెలియడం లేదు. "సైలాబ్."

అంతే. తరవాత ఏమీ అనలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. ఎదురు చూస్తున్నాడు.

దేనికోసమో రాధికకి తెలుసు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మొదటిసారి చూసింది. ఆఫీసు ఫోనులో ఆ మాట వినపడగానే అత్తగారు చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడి, అదే మాట ఒక్కసారి తిరిగి చెప్పి ఫోను పెట్టేసింది. మామగారు పోయాక, ఫోన్లన్నీ కళ్యాణ్ జేబులోకి చేరాక, ఆ మాట ఇంట్లో మళ్లీ వినపడలేదు.

"సైలాబ్," అంది రాధిక. తనకి తెలియకుండానే నిటారుగా నిలబడింది.

"మంచిదమ్మా." ఫోను పెట్టేశాడు.

"ఏటే, ఎవరే ఆ మాటన్నది?" లోపలి గదిలోంచి అత్తగారు కన్యకాపరమేశ్వరి కేక. మందు వేసుకోమంటే వినపడని చెవికి ఇది మాత్రం రెండు తలుపులు దాటి వినపడింది.

"సత్యరాజు, అత్తా."

"నువ్వు తిరిగన్నావా?"

"అన్నాను."

"అయితే అటక మీంచి ఆ ఇత్తడి కేరేజీ దింపు. పప్పు నానెయ్యి."

తువ్వాలు భుజాన వేసుకుని కళ్యాణ్ వచ్చాడు. సంగతి విన్నాడు.

"నీరెంతుందట?"

"అడగలేదు."

"అడగలేదా? గెడ్డ పొంగిందంటే ఎంతుందని అడగవా? డిగ్రీ చదివావు కదా రాధీ!"

"ఆ పేపరు మా సిలబస్‌లో లేదు బావా."

"అడక్కూడదురా," అంటూ కన్యకాపరమేశ్వరి గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "అడక్కూడదనే ఆ మాట పెట్టేరు. మీ నాన్నగారి మొదటి బండి ఖాజా డ్రైవరు తోలేవాడు. హైదరాబాదు వైపు మనిషి. ఒకసారి గెడ్డొచ్చిందని కబురెట్టేడు. ఎంతొచ్చిందని మీ నాన్నగారు అడిగేరు. మోకాల్లోతన్నాడు. మోకాలే కదా, రమ్మన్నారు. బండి గెడ్డలో పక్కకి ఒరిగిపోయింది. బెల్లం లోడు. గెడ్డంతా పానకమైపోయింది. ఖాజా ఈదుకొని ఒడ్డుకొచ్చేడు. మర్నాడు ఈ వాకిట్లోనే నిలబడి, సేట్, ఇంకమీద నేను లోతు చెప్పను, సైలాబ్ అంటాను, అన్నాడు."

"ఉర్దూలో వరదనే కదమ్మా దానర్థం. తెలుగులో చెప్తే ఏమైంది?"

"వరదంటే ఎంత అంటావు. మోకాలంటాడు. మోకాలేగా అంటావు. ఇదీ బేరమే గదరా, మన బుద్ధి పోనిచ్చేమేటి? సైలాబ్‌కి లోతుండదు. అది అన్నాక బండి తోలేవాడిదే మాట. మనం తిరిగి ఫోను చెయ్యకూడదు. బండి కదిలేదాకా అతన్ని సీటు దింపకూడదు. అతనింటికి మనింటి కేరేజీ వెళ్లాల."

"ఇదంతా ఫోన్లు లేనప్పటి భాగోతం," అంటూ కళ్యాణ్ ఫోను తీసి నొక్కాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. ఆగిపోయింది. మూడో ప్రయత్నం మానేసి ఇంకో లారీ ఓనరుకి చేశాడు. మాట్లాడుతుంటే మొహం ఎర్రబడింది.

"వాళ్ల బండి పొద్దున్నే దాటేసింది! మనవాడికి మాత్రం సైలాబ్. ఇది వరద కాదు, సెలవు చీటీ." ఆ ఊపులోనే ధర్మేంద్రకి ఫోను చేశాడు. ధర్మేంద్ర కొత్త డ్రైవరు, బండి కోసం ఎదురు చూస్తున్నవాడు. "బైకు మీద వెళ్లి సత్యరాజు దగ్గర తాళం తీసుకో. నువ్వు తోలుకొచ్చెయ్. అతన్ని ఇంటికి పొమ్మను. రేపటి నుంచి రానక్కర్లేదని చెప్పు."

కన్యకాపరమేశ్వరి తలెత్తి భర్త ఫొటో వైపు ఒకసారి చూసి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి అక్కణ్ణించే కేక వేసింది.

"రాధీ! పప్పు నానేసేవా లేదా?"

రాధిక పప్పు నానేసింది.

పప్పూ, వంకాయ కూరా, దప్పళం, అడుగు గిన్నెలో అన్నం. ఇత్తడి కేరేజీ బరువు దానికదే ఒక మనిషంత ఉంది. సర్దుతుంటే అత్తగారు పక్కన నిలబడి ఎలా వెళ్లాలో చెప్పింది. గుమ్మంలో నిలబడాలి. "సైలాబ్ అట. బండి నిలబడింది" అనాలి. ఇంకేమీ అనకూడదు. కేరేజీ ఇచ్చి వచ్చెయ్యాలి.

"కూర్చోమంటే?"

"పనుందని చెప్పు."

రాధికకి పాత సంగతి గుర్తొచ్చింది. అప్పట్లో ఆ కేరేజీ డ్రైవరింటి నుంచి శుభ్రంగా కడిగి తిరిగొచ్చేది. అత్తగారు దాన్ని పెరట్లో పెట్టుకుని చింతపండు ముద్దతో మళ్లీ తోమేది. ఇత్తడి మెరవాలి కదే, అనేది. రాధిక కొన్నాళ్లు నమ్మింది కూడా. ఇంట్లో మిగతా ఇత్తడి సామానుకి అంత యోగం పట్టడం లేదని తరవాత కనిపెట్టింది.

సత్యరాజు ఇల్లు మిషన్ చర్చి వెనక వీధిలో. ఆటో సందు మొగలోనే ఆగిపోయింది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కేరేజీ, కుచ్చెళ్లు ఎత్తుకోవడానికి మూడో చెయ్యి లేక తడుస్తూ వెళ్లింది. సత్యరాజు భార్య కృపారాణి వసారాలో కుట్టుమిషను తొక్కుతోంది. రాధికని చూసింది, కేరేజీని చూసింది, తొక్కడం ఆపలేదు.

"ఈ కేరేజీ ఇంకా బతికే ఉన్నాదా?" అంది.

ఆమెని ఏమని పిలవాలో రాధికకి తెలియలేదు. అత్తగారు "కృపా" అనేది. తనకన్నా అంత పెద్ద మనిషిని తను అలా అనలేదు. అందుకని పిలవడం మానేసి నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది. "సైలాబ్ అట. బండి నిలబడింది."

"నిలబడితే సాలు." కృపారాణి జవాబు కూడా పాఠంలోదే. దాని తరవాతి మాట మాత్రం పాఠంలో లేదు. "ధర్మేంద్రగాడు ఇప్పుడే ఇటేపు నుంచే ఎల్లినాడు. హారను కొట్టుకుంటా ఎల్లినాడు. మాయన సీటు ఆడికిచ్చీసినారంట గదా? ఒక సేత్తో సీటు పీకీసి ఇంకో సేత్తో కూడెట్టడం... ఇది కొత్తగున్నాదమ్మా."

"సీటు పీకింది మా బావ. అన్నం తెచ్చింది నేను. రెండు చేతులూ ఒకరివి కావు."

"ఇల్లొకటే గదా."

వాన చూరు మీంచి కారుతోంది. కేరేజీ చేతిని లాగేస్తోంది.

"ఫోనులో ఆయన మీతో మాట్లాడే ఉంటారు కదా," అంది చివరికి. "బాగానే ఉన్నాననే చెప్పుంటారు."

"సెప్పినాడు. ఎప్పుడు మాత్రం బాగోనేదన్నాడు? ఇనండమ్మా. కూటికి గతినేక ఈ కేరేజీ కోసం సూడం మేం. మీ ఇంటోళ్లు వొచ్చి నా గుమ్మంలో నిలబడితే, గెడ్డలోకి దిగమని మాయన్ని ఎవలూ తరమరని నాకు నమ్మకం. అందుకు. ఈసారి కేరేజీ వొచ్చినాది, నమ్మకం రానేదు."

అప్పుడు చూసింది రాధిక. మిషను తిరుగుతోంది గాని సూదిలో దారం లేదు. కింద గుడ్డ మీద కుట్టులేని చిల్లులు వరసగా పడుతున్నాయి.

రాధిక కేరేజీ దించి, గోడవార ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

కృపారాణి కాళ్లు ఆగాయి. "మీరు కూకున్నారేటి?"

"ఏం, విరిగిపోతుందా?"

"స్టూలు గట్టిదే. మీ అత్తగోరు ఎప్పుడూ కూకోనేదు. మంచినీళ్లు తాగండమ్మా అంటే ఉపాసమనీది. మా పుణ్యాన ఆవిడికి వానాకాలమంతా ఉపాసాలే."

రాధికకి నవ్వాగలేదు. కృపారాణి నవ్వలేదు గాని లేచి లోపలికి వెళ్లి అల్లం టీ పెట్టి తెచ్చింది. రాధిక తాగింది. పంచదార ఎక్కువైంది. మానకుండా తాగింది. వచ్చేటప్పుడు ఏదో ఒక మాట ఇవ్వాలనిపించింది. సీటు ఎక్కడికీ పోదని చెబుదామనుకుంది. ఇవ్వడానికి ఆ సీటు తన చేతిలో లేదు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో తన చేతిలో ఉన్నది గరిటె. దాంతో చెయ్యగలిగింది చేసేసింది.

మర్నాడు వాన కొంచెం తెరిపిచ్చింది. కళ్యాణ్‌కి మాత్రం తెరిపి లేదు. నీలం చుక్క నిన్నటి చోటే ఉంది. ధర్మేంద్ర దగ్గర్నించి ఫోను వచ్చింది. కళ్యాణ్ స్పీకరులో పెట్టాడు.

"బావూ, నానేమో ఇవతల గట్టు మీదున్నాను. బండేమో అవతలున్నాది. తాళం ఎలగ తెచ్చీది?"

"దాటి వెళ్లరా!"

"సప్టా మీంచి పారతన్నాది బావూ."

"ఎంత పారుతోంది?"

"మోకాలు దాటదు గాని..."

"మోకాలేగా!"

వంటింటి గుమ్మంలో రాధిక, పడక గది గుమ్మంలో కన్యకాపరమేశ్వరి ఒకేసారి అతని వైపు చూశారు. కళ్యాణ్ ఇద్దర్నీ చూడలేదు. "నువ్వక్కడే ఉండు. నేనే వస్తున్నాను. నేను దాటి చూపిస్తాను, నువ్వు నా వెనక నడుద్దువుగాని. బండి నేనే ఇవతలికి తెస్తాను," అన్నాడు. కారు తాళం తీసుకున్నాడు.

"బావా, టిఫిను..."

"వచ్చాక."

"ఒరే, నువ్వు లారీ తోలి ఎన్నాళ్లయింది?" అంది తల్లి.

"లైసెన్సుందమ్మా."

"లైసెన్సు గెడ్డకి చూపిస్తావా?"

కారు వెళ్లిపోయింది.

ఆ తరవాత రాధిక ఊడ్చిన ముందుగదినే మళ్లీ ఊడ్చింది. ఆరని బట్టలు ఒక తీగ మీంచి ఇంకో తీగ మీదకి మార్చింది. అటు ఆరవని తెలిసి మళ్లీ ఇటు మార్చింది. బియ్యం ఏరింది. రాళ్లుండే రోజులు పోయి చాలాకాలమైంది, అయినా ఏరింది. తన ఫోనులో కూడా ఆ చుక్క కనపడేలా ఒకప్పుడు కళ్యాణే పెట్టి ఇచ్చాడు. చూసింది. లారీ ఎక్కడుందో చెబుతుంది ఆ చుక్క. గట్టు మీద మొగుడు ఏం చేస్తున్నాడో చెప్పదు. నిన్న కృపారాణి తొక్కిన దారం లేని మిషను కళ్లముందు తిరుగుతూనే ఉంది.

ఫోను చేద్దామనుకుంది. నీళ్లలో ఉంటే? ఫోను తియ్యబోయి కాలు జారితే? మానేసింది. చెయ్యకపోతే? మళ్లీ తీసింది.

"చేస్తే చెయ్యి, లేకపోతే కింద పెట్టు," అంది అత్తగారు మంచం మీంచి. "ఆ ఫోను నలిగిపోతన్నాది." ఆవిడ జపమాల తిప్పుతోంది. చాలాసేపటి నుంచి ఒకే పూస పట్టుకుని ఉంది.

ఫోను దానంతటదే మోగింది. కళ్యాణ్ పేరు.

"రాధీ," అన్నాడు. వెనక అదే హోరు. నిన్న సత్యరాజు గొంతు వెనక విన్నదే. ఇవాళ వాన లేదు కాబట్టి అది నీరేనని తెలిసిపోయింది. కళ్యాణ్ ఊపిరి ఎగపోస్తోంది, బాగా తడిసిన మనిషికిలాగ.

ఏమైంది, ఎంత లోతు, పడ్డారా, దెబ్బ తగిలిందా, ధర్మేంద్ర ఏడీ, అన్నీ ఒకేసారి నాలుక మీదకి వచ్చాయి.

"సైలాబ్," అన్నాడు కళ్యాణ్.

రాధిక లేచి నిలబడింది. వచ్చిన ప్రశ్నలన్నీ మింగడానికి ఒక క్షణం పట్టింది. అన్నేళ్లు అత్తగారు ఆ మాట అంత నెమ్మదిగా ఎలా అనేదో, ఆ నెమ్మది వెనక ఏముండేదో అప్పుడు తెలిసింది.

"సైలాబ్."

ఫోను పెట్టేశాడు. తిరిగి చూస్తే అత్తగారు కూడా గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"వాడేనా?"

"ఆయనే."

"అడిగేవా ఏమైనా?"

"లేదత్తా."

ఆవిడ కూర్చుంది. పూస కదిలింది.

ఆ పూట పొయ్యి వెలగలేదు. ఇద్దరికీ ఆకలి లేదు, ఉన్నా ఎవరూ ఒప్పుకునేలా లేరు. పొద్దు నడినెత్తి దాటుతుండగా వీధి గుమ్మం దగ్గర చప్పుడైంది. కృపారాణి. మడమల దాకా బురద. చేతిలో ఇత్తడి కేరేజీ. దాన్ని మొయ్యడంలో భుజం ఒక పక్కకి వంగిపోవడం చూస్తే అది ఖాళీది కాదని తెలుస్తోంది.

గుమ్మంలో నిలబడింది. "సైలాబ్ అంట," అంది. "బండి నిలబడినాది."

రాధికకి ఒక్క క్షణం అర్థం కాలేదు.

"మీ బావుగారు మాట సెప్పీసినాడంట గదా. మాయన ఫోను సేసినాడు. మీయన సప్టాలోకి దిగినాడంట, సగానికెల్లీసరికి నీరు కాళ్లు లాగీసిందంట, ధర్మేంద్ర సొక్కా పట్టి ఎనక్కి లాగినాడంట. ఇంకేటీ నేదు, దెబ్బల్నేవు. మాటన్నోడి ఇంటికి కేరేజీ ఎల్లాల. అవతలిగట్టున మాయన, ఇవతలిగట్టున మీయన. మీ ఇంటికి తెచ్చీవోలెవలున్నారు? నేనే తెచ్చినాను."

కేరేజీ గడప మీద పెట్టింది. "బెండకాయ పులుసు, గోంగూర పప్పు. నీసు తగల్నేదు. వొండిన గిన్నెలు మాత్రం మా ఇంటివే, మీకోసం కొత్తయి కొన్నేదు. తింటారో, గేదికెడతారో మీ ఇష్టం."

కన్యకాపరమేశ్వరి కేరేజీని చూస్తోంది. అది ఈ ఇంటిదే. ఎన్నోసార్లు తను మోసుకెళ్లి ఇచ్చిందే. నిండుగా వెళ్లడం, ఖాళీగా రావడం తప్ప దానికి ఇంకో నడక తెలియదు. రాధిక అత్తగారికి సాయం చెయ్యదలుచుకోలేదు.

"అత్తకి ఇవాళ ఉపవాసమేమో," అంది.

కన్యకాపరమేశ్వరి కోడలి వైపు చూసిన చూపుకి పాలు విరగాలి. "ఎవర్తే చెప్పింది నీకు? ఏకాదశి ఎప్పుడో వెళ్లిపోలేదూ?" అంది. తరవాత, గోడ వైపు తిరిగి అన్నట్టుగా, "కూర్చో కృపా."

"ఎక్కడ కూకోమన్నారు? నేల మీదా?"

గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. రాధిక దాన్ని జరిపి, కొంగుతో దులిపి, "ఇలా కూర్చో అక్కా," అంది. గోవిందరావు ఫొటో కింద, కేలండరు కింద, కళ్యాణ్ కుర్చీలో కృపారాణి కూర్చుంది. చీర కుచ్చెళ్ల లోంచి బురద నీరు చుక్కలు చుక్కలుగా నున్నటి గచ్చు మీద పడింది. పొద్దుట రెండుసార్లు ఊడ్చిన గచ్చు. పడనిచ్చింది రాధిక.

కంచం పెట్టింది. అత్తగారు పులుసు కలుపుకుంది. మొదటి ముద్ద చేతిలో కొంచెం ఎక్కువసేపే ఉంది. తరవాత నోట్లోకి వెళ్లింది. ఇద్దరూ చూస్తున్నారని ఆవిడకి తెలుసు. తాపీగా నమిలింది.

"ఉప్పు తక్కువ," అంది.

"మీకు బీపీ ఉన్నాదని ఎరిగే తక్కువేసినాను."

"హుఁ," అని ఇంకో ముద్ద కలుపుకుంది. ఇంకోటి. "ఆ పులుసు ఇంకొంచెం వెయ్యి రాధీ. ఏటలా చూస్తావు, నువ్వూ తిను."

రాధిక తింది. నిన్నటి అల్లం టీ తరవాత కడుపులో ఏదో ఒకటి పడటం అదే మొదలు.

నీరు తగ్గేసరికి మర్నాటి పొద్దు బాగా ఎక్కింది. చీపురుపల్లిలో గూడ్సు ఎవరి కోసమూ ఆగదన్న మాట నిజమే. ఆగలేదు. కళ్యాణ్ ఫోను చేశాడు.

"కదిలాం," అన్నాడు. గొంతు బొంగురుపోయింది. "కారు ధర్మేంద్ర తెస్తున్నాడు."

"మరి మీరు?"

"లారీలో ఉన్నాను."

"ఎవరు తోలుతున్నారు?"

"ఇంకెవరు తోలుతారు?" అన్నాడు. పక్కనుంచి సత్యరాజు గొంతు వినపడింది: "బావూ, ఆ అద్దం ఎత్తండి, జల్లు కొడతన్నాది." అద్దం ఎత్తిన చప్పుడు.

రాధిక ఫోను పెట్టేసి, కేరేజీ గిన్నెలు పెరట్లోకి తీసుకెళ్లింది. తెరిపి ఎండ పెరటి గోడ మీద పడింది. ఒక్కొక్క గిన్నే తీసి సబ్బుతో తోమి, కడిగి, బోర్లించింది. అయిపోయింది. అయినా లేవలేదు. వంటింటి కిటికీలోంచి అత్తగారు చూస్తోందని వీపుకి తెలుస్తోంది. చింతపండు డబ్బా ఆ కిటికీలోనే ఉంటుంది.

"తెమ్మంటావా అత్తా, చింతపండు?" అంది వెనక్కి తిరగకుండా.

కిటికీలో డబ్బా మూత తీసిన చప్పుడు, మళ్లీ పెట్టేసిన చప్పుడు.

"వద్దులే," అంది కన్యకాపరమేశ్వరి. "మెరుస్తూనే ఉందిగా."